ఏటికి ఎదురీత

వరాహనరసింహం పేరులో రెండు అవతారాలున్నాయి. మూడోది కూడా ఒకటుందని ఆయనకి అరవై రెండో ఏట, ఒక ఆదివారం సాయంత్రం నాలుగున్నరకి, నలభై మంది ఎదురుగా తెలిసింది. తెలిశాక నోరు తెరుచుకుని అలాగే నిలబడిపోయాడు. ఆ నోరు ఊరికే తెరుచుకుని ఉండటం ఖరగ్‌పూర్‌లో ఎవరూ చూసి ఎరగరు. తెరిచిందంటే ఒక శ్లేష రాలాలి, మూసుకునేలోగా ఇంకోటి రాలాలి.

రైల్వే ఆఫీసులో ముప్ఫయ్యారేళ్లు చేసి బడాబాబుగా దిగాడాయన. బెంగాల్లో హెడ్డు గుమాస్తాని బడాబాబు అంటారు. ఉద్యోగం పోయినా పిలుపు మిగిలింది. అందులో సగం బాబు, సగం బడాయి అని తన మీద తనే వేసుకునేవాడు, ఇంకెవరైనా వేసేలోగా. పదేళ్లుగా ఖరీదా పేటలో తెలుగువాళ్ల పఠన మందిరానికి ఆయనే కార్యదర్శి. పేరుకి మందిరమే గాని ఒక గది, నాలుగు బీరువాలు, రెండు బల్లలు, ఓపిక ఉన్నప్పుడు తిరిగే పంకా. “ఊరు ఖరీదా, పుస్తకాలకి మాత్రం ఖరీదు లేదు, పట్టుకుపొండి” అని దారినపోయే తెలుగువాడినల్లా కేకేసేవాడు. ఊరికే ఇస్తానన్నా పట్టుకుపోయేవాళ్లు లేరు.

గుమ్మం మీద ఆయన చేత్తో రాసిన అట్ట ఒకటి వేలాడుతుండేది. “ఈ గదిలో ‘ఏటి’ అనరాదు, ‘ఏమిటి’ అనవలెను.” దాని కింద చిన్న అక్షరాల్లో, “ఏరు దాటువారికి మినహాయింపు.” తను పుట్టి వేసిన శ్లేషలన్నిటిలోకీ అదే గొప్పదని ఆయన నమ్మకం.

అక్కడి తెలుగువాళ్లలో ఎక్కువమంది ముత్తాతలు శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వర్కుషాపు పనికి వచ్చినవాళ్లు. ఏమిటిని ఏటి అంటారు, చేశానుని సేసినాను అంటారు, మధ్యమధ్య దాదా, దీదీ, ఠీక్ హై దట్టిస్తారు. ఏటి అన్న మాట చెవిన పడితే చాలు, ఎంత పిల్లనైనా నిలబెట్టి, ఏమిటి అని ముమ్మారు అనిపిస్తేగాని వదిలేవాడు కాదు. అందరికన్నా ఎక్కువసార్లు నిలబడినది అక్షిత. గది ఊడ్చి టీ కాచే నూకాలమ్మకి మనవరాలు, నిమ్‌పురా క్వార్టర్ల పిల్ల, పదో తరగతి. అక్షితకి కాకపోతే ఇంకెవరికి వేస్తాం అక్షింతలు అని నవ్వేవాడు. ఆ పిల్లంటే ఆయనకి నిజంగానే ఇష్టం. నూకాలమ్మతో ఆ బాధ లేదు. ఆవిడ తలూపడం తప్ప ఆ గదిలో పెదవి కదిపింది లేదు. తనది అతి, ఆవిడది మితి, రెండూ కలిస్తేనే గదికి గతి అని ఆయన వచ్చినవాళ్లకల్లా చెప్పేవాడు.

ఇలా ఉండగా అధ్యక్షుడు గణపతిరావు కమిటీలో ఒక మాట పెట్టాడు. ఆయన నిమ్‌పురా షెడ్డులో ఫిట్టరుగా చేసినవాడు. ఏదైనా నట్టు బిగించినట్టు చెప్తాడు. పదేళ్లుగా ఇరవై ఏళ్ల లోపువాడు ఒక్కడూ ఒక్క పుస్తకం ఇంటికి పట్టుకెళ్లలేదు. వార్షికోత్సవంలోగా కనీసం పదిమంది పిల్లలు ఏదైనా తెలుగు పుస్తకం తీసుకెళ్లి చదవాలి, లేదంటే బీరువాలు ఎవరికైనా ఇచ్చేసి గది కుర్రాళ్లకి క్యారం ఆడుకోడానికి వదిలెయ్యాలి. పఠన మందిరం బోర్డు పీకి క్యారం బోర్డు పెడతావా అని వరాహనరసింహం గట్టిగానే వేశాడు. ఎవరూ నవ్వలేదు. అందరూ చేతులెత్తి తీర్మానం ఖాయం చేశారు. ఆ రాత్రి ఆయనకి అన్నం సయించలేదు, తీర్మానం వల్ల కాదు, నవ్వకపోవడం వల్ల.

మర్నాడే విజయవాడలో ఉన్న స్నేహితుడికి ఫోను చేశాడు. టీనేజీ పిల్లల కోసం ఈమధ్య కొత్తగా ఏవేం నవలలు వచ్చాయో అన్నీ పంపమన్నాడు. పదహారు వచ్చాయి. ఒకదాని మీద రెక్కలున్న ఆడపిల్ల, ఒకదాని మీద కళ్లున్న సెల్‌ఫోను, ఒకదాని మీద సముద్రం అడుగున బడి. వీటిని యంగ్ అడల్ట్ పుస్తకాలంటారని కమిటీలో చెప్తే, అడల్ట్ పుస్తకాలు పసివాళ్లకేటి అని గణపతిరావు కంగారుపడ్డాడు. వీళ్లు అడల్టులు కారయ్యా, అన్నిటికీ అడ్డం తిరిగే అడ్డల్టులు అని సర్దిచెప్పాడు. గుమ్మం పక్క బీరువా ఖాళీ చేయించి పదహారూ నిలబెట్టి, “టీనేజీ నవలలు. టీ మాది, ఏజీ మీది” అని చీటీ అంటించాడు. పిల్లలు వచ్చారు. టీ తాగారు. బీరువా ముందు నిలబడి బొమ్మలు చూసి, “ఇదేటి తాతగారూ” అన్నవాళ్లు మూడుసార్లు ఏమిటి అని అప్పజెప్పి వెళ్లిపోయారు. మూడు వారాలు గడిచినా పదహారింటిలో ఒక్కదాని వీపూ వంగలేదు.

నాలుగో వారం అద్భుతం జరిగింది. తొమ్మిదో నంబరు నవల, “నీలం తాళంచెవి” అనేది, ఉన్నట్టుండి నడక మొదలుపెట్టింది. సోమవారం ఏంజలిన్ పట్టుకెళ్లింది, బుధవారం హరిచందన, శుక్రవారం ఆదిత్య. ఒకరు తెచ్చి బల్ల మీద పెట్టడం, ఇంకొకరు ఎత్తుకుపోవడం. రిజిస్టరులో పేర్లు పదకొండయ్యాయి. ఝపటాపూర్ నుంచి ఒక పిల్లాడు ఝటాపటా సైకిలు తొక్కుకొచ్చి, ఇంకెన్ని రోజులకి తన వంతని అడిగిపోయాడు. మిగతా పదిహేను నవలల వంక ఎవరూ చూడలేదు. ఎందుకో వరాహనరసింహం ఆలోచించలేదు. పదకొండు అన్న అంకె కళ్లనిండా నిండిపోతే ఇంకేం కనిపిస్తుంది. గణపతిరావుని ఇంటికెళ్లి మరీ కలిసి రిజిస్టరు చూపించాడు. ఆయన అంతా చూసి, ఠీక్ హై, ఆ పుస్తకం సభలో తెరుద్దాం, పిల్లల్ని అడుగుదాం, నిజంగా చదివితే గది మీదే అన్నాడు.

ఆ వారంలోనే అక్షిత వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని, ఒక సంగతి అడిగింది.

“తాతగారూ, నానొక ఉపన్యాసం రాసినాను. మీటింగులో సదవొచ్చా?”

‘నాను’ని, ‘సదవొచ్చా’ని ఆయన ఆ పూటకి క్షమించేశాడు. పదిహేనేళ్ల పిల్ల తెలుగులో ఉపన్యాసం ఇస్తానంటే గణపతిరావు నట్టులన్నీ ఊడిపోవూ! ఐదు నిమిషాలిస్తానన్నాడు. ఐదు చాలవు, నూట నలభై పేజీలుందంది. తన వీడ్కోలు సభలో పెద్ద ఆఫీసరు కూడా అంత ఉపన్యాసం దంచలేదని ఆయన పగలబడి నవ్వి, మంచి ముక్క ఏదైనా ఒకటి ఎంచుకోమన్నాడు. పిల్ల ఒక్క క్షణం తటపటాయించి, అందులో మీ చరిత్ర కూడా ఉంది తాతగారూ, కోపం రాదు కదా అంది. కోపమా! ఆయన ఛాతీ రెండంగుళాలు పెరిగింది. ఇంటికెళ్లి తన జీవిత చరిత్ర నున్నగా రెండు పేజీలు రాసి తెచ్చిచ్చాడు. ఉద్యోగంలో చేరిన రోజు కుంభవృష్టి, గొడుగు మర్చిపోయి తడిసిన కోటుతోనే సంతకం పెట్టడం దగ్గర్నుంచీ అన్నీ అందులో ఉన్నాయి. అక్షిత శ్రద్ధగా చూసి, శానా పనికొస్తాదని మడిచి దాచుకుంది.

ఆదివారం సభకి కుర్చీలు చాలలేదు. పెద్దవాళ్లు పదిహేను మంది, మిగతా పాతిక మందీ పిల్లలే. వరాహనరసింహానికి మొదటి దిమ్మ అక్కడ తిరిగింది. కాని అది తియ్యటి దిమ్మ. గోడకి అంటించిన కార్యక్రమం కాగితం మీద ప్రార్థన, నివేదిక, ఆ తర్వాత ఆయన ముత్యాల్లాంటి అక్షరాల్లో “చిరంజీవి అక్షిత ఉపన్యాసం” అని ఉంది. ఉత్సాహం ఆపుకోలేక ప్రార్థన అవగానే లేచి, పొద్దున్నే తిరిగొచ్చిన తొమ్మిదో నంబరు నవలని బీరువాలోంచి తీశాడు. పదకొండు మందిని పట్టేసిన పుస్తకంలోంచి ఒక పేజీ చదివి వినిపిస్తానని ప్రకటించి, అట్ట తెరిచాడు.

లోపల నవల లేదు. అట్ట మాత్రమే నవలది. దాని కడుపులో గీతల నోటుపుస్తకం ఒకటి దారంతో కుట్టి ఉంది. అందులో చివరిదాకా చేత్తో రాసిన బెంగాలీ అక్షరాలు.

ఆయన పేజీలు తిప్పాడు, వెనక్కి తిప్పాడు, పుస్తకాన్ని తలకిందులు చేశాడు. ఎటు తిప్పినా బెంగాలీయే. గణపతిరావు కుర్చీలోంచి మెడ చాపి చూసి, ఇది తెలుగు కాదు కదా బడాబాబూ అన్నాడు. అన్నాక తీరిగ్గా వెనక్కి వాలాడు.

ముప్ఫయ్యారేళ్లు బెంగాలీ గుమాస్తాల మధ్య పనిచేసి ఆ అక్షరాలు నేర్చినవాడు వరాహనరసింహం. ఎవరు ఈ పని చేశారో ఇప్పుడే తేలుస్తానని మొదటి పేజీ అందుకున్నాడు.

“ఏటి,” అని చదివి, ఉలిక్కిపడి గుమ్మం మీది అట్ట వంక చూసి, సభకి సంజాయిషీ ఇచ్చుకున్నాడు. తను అన్నది ఆ ఏటి కాదు. బెంగాలీలో ఏటి అంటే ఇది అని అర్థం. పిల్లలు మోచేతులతో ఒకళ్లనొకళ్లు పొడుచుకున్నారు. ఆయన బెంగాలీ ఫక్కీలో ‘స’ల్ని ‘శ’లు చేసుకుంటూ ముందుకి సాగాడు. “ఏటి శేశినాబు నా మాటొల్నీ...” ఏ అర్థమూ తేలలేదు. ఇదేం బెంగాలీ అని కళ్లజోడు తుడుచుకున్నాడు.

రెండో వరసలోంచి హరిచందన లేచింది. “బెంగాలీలా కాదు తాతగారూ. మామూలుగా సదవండి.”

ఒక పిల్ల ఆయన్ని దిద్దడం అదే మొదటిసారి. ఆ అదురులోనే మామూలుగా చదివాడు.

“ఏటి సేసినావు నా మాటల్ని?”

బెంగాలీ అక్షరాల్లోంచి తెలుగు బయటికొచ్చింది. అదీ ఎలాంటి తెలుగు! నలభయ్యారేళ్ల కింద రాజమండ్రి కాలేజీలో చేరిన మొదటి రోజు, పదహారేళ్ల వరాహనరసింహం లేచి, “ఏటి సార్” అన్నాడు. క్లాసంతా నవ్వింది. తర్వాత మూడేళ్లు ఆయన పేరు అక్కడ ఏటిసారే. ఆ రోజున నోట్లోంచి తీసి పారేసిన మాట ఇవాళ బెంగాలీ గుమ్మంలోంచి నడిచొచ్చి మళ్లీ నాలుక మీద కూర్చుంది. అచ్చం వాళ్లమ్మ గొంతులో కూర్చుంది.

ఆపేద్దామనుకున్నాడు, ఆగలేకపోయాడు. కథ లాక్కుపోతోంది. నిమ్‌పురాలో గంగి అనే పిల్ల. ఆ పిల్లకి ఒక మామ్మ. మామ్మ పంపు దగ్గర మాట్లాడితే యార్డు అవతల గార్డుకి వినబడేది. ఆ పేటకి సబ్బుబాబు అనే ఆయన వస్తాడు. మంచివాడే, బిస్కట్లు కూడా పెడతాడు. కాని ఎవరైనా నోరు తెరిస్తే మాట లాక్కుని, సబ్బు రాసి, బండకేసి బాది, తీగ మీద ఆరేస్తాడు. ఉతికిన మాట తెల్లగా తళతళలాడుతుంది గాని సొంతదారుని గుర్తుపట్టదు. మాటలు పోగొట్టుకున్నవాళ్లు ఒక్కొక్కళ్లే మూగవాళ్లవుతారు. మొట్టమొదట మూగదైనది మామ్మ. గంగి మిగిలిన మాటల్ని గోనెసంచిలో కట్టుకుని, పట్టాలు దాటి, పక్కింటి అక్షరాల్లో దాచిపెడుతుంది. అక్కడ సబ్బుబాబు వెతకడు. ఆ ఇంట్లో చోటు తక్కువ, ‘వ’కీ ‘బ’కీ ఒకటే మంచం. అయినా ఎవరూ ఎవరినీ దిద్దరు.

పిల్లలు పెదవులు కదుపుతూ ఆయనకన్నా ఒక మాట ముందే ఉన్నారు. నవ్వాల్సిన చోటు రాకుండానే నవ్వుతున్నారు. ఆయన పేజీ తిప్పాడు. ఏటి అన్న గంగి ముందు సబ్బుబాబు వేలెత్తి, ఏరు దాటువారికి మాత్రమే మినహాయింపని చెప్పి తన మాటకి తనే పడిపడి నవ్వాడు.

వరాహనరసింహం నవ్వలేదు. ఆ కింద కొత్తగా అతికించిన కాగితం మీద, సబ్బుబాబు ఉద్యోగంలో చేరిన రోజు కుంభవృష్టి అని, గొడుగు మర్చిపోయాడని, ఆ తడి ఆరక అప్పట్నుంచీ కనిపించినదల్లా ఉతుకుతున్నాడని ఉంది.

నోరు తెరుచుకున్నది అప్పుడే. వరాహం, నరసింహం, సబ్బు.

ఎవరిదీ పుస్తకం అన్నాడు చివరికి. అక్షిత లేచి నిలబడింది. అలవాటు కొద్దీ చేతులు వెనక్కి కట్టుకుంది.

“నాదే తాతగారూ. నా ఉపన్యాసం. మీరే కాగితం మీద ఏసినారు కదా.”

ఆయన గోడ మీది కాగితం చూశాడు, పిల్లని చూశాడు, మళ్లీ కాగితం చూశాడు. బెంగాలీలో నవలని ఉపన్యాసం అంటారు. అందులో పాత్రని చరిత్ర అంటారు. ముప్ఫయ్యారేళ్లుగా తెలిసిన సంగతే. మీ చరిత్ర ఉంది, కోపం రాదు కదా అని పిల్ల ముందే అడిగింది. తనే రెండు పేజీల సరుకు మోసుకెళ్లి ఇచ్చాడు. ఊరందరికీ శ్లేషలు పంచినవాడు, నలభై మందిలో ఈ ఒక్క శ్లేష తెలియనిది తనకే.

గణపతిరావు లేచి నట్టు బిగించాడు. “ఇది తెలుగో కాదో మీరే సెప్పండి బడాబాబూ. తెలుగైతే పదకొండు మంది సదివినారు, గది మీదే. కాదంటే క్యారం బోర్డు బయట టోటో రిక్షాలో ఉంది.”

కాదనడం సులువు. అక్షరం తెలుగు కాదు, మాట తెలుగు కాదని గుమ్మం మీద తనే రాసి పెట్టాడు. అవునంటే ఆ అట్ట అబద్ధం, పదేళ్లుగా నిలబెట్టిన పిల్లలందరి దగ్గరా తనది తప్పు. ఆయన పక్కకి చూశాడు. తలుపు దగ్గర నూకాలమ్మ టీ పళ్లెం పట్టుకుని నిలబడి ఉంది, ఎప్పటిలాగే పెదవి బిగించుకుని. ఈవిడ గొంతు పంపు దగ్గర ఎలా ఉంటుందో తనకి తెలియదు. పదేళ్లు. మితభాషి అని ఎంతమందికి చెప్పాడు!

తెలుగు అక్షరాలతో ఎందుకు రాయలేదమ్మా అని అడిగాడు. బళ్లో నేర్పినవి బెంగాలీవేనంది అక్షిత. తెలుగువి కూడా సగం వచ్చు. వాటితో రాస్తే మీరు దిద్దేస్తారు కదా అని నెమ్మదిగా కలిపింది.

“ఆఖరికి ఆ సబ్బుబాబు ఏమవుతాడు?”

“ఇంకా రాయలేదు తాతగారూ. ఇయాల మీరేటి సెప్తారో సూసి రాద్దామనుకున్నాను.”

ఆయన బల్ల దగ్గరికి వెళ్లి రిజిస్టరు తెరిచాడు. తొమ్మిదో నంబరు కింద కొత్త గీత గీశాడు. నంబరు పదిహేడు. రచయిత్రి, అక్షిత. భాష అన్న గడి దగ్గర కలం ఒక్క క్షణం ఆగింది. తెలుగు అని రాసి, గణపతిరావుకి కనబడేలా రిజిస్టరు తిప్పాడు. పదకొండు పేర్లనీ కొత్త గీత కిందికి దించాడు. పేరు అన్న గడి ఖాళీగా ఉండిపోయింది. పుస్తకానికి పేరేమిటని అడిగితే పాతిక గొంతులు ఒక్కసారే చెప్పాయి. “ఏటి.” రాశాడు. దీర్ఘం సరిగా పడలేదు. దిద్దకుండా వదిలేశాడు.

గణపతిరావు బయటికెళ్లి టోటోవాడిని పొమ్మన్నాడు. వాడు ఇంతసేపు నిలబెట్టినందుకు దాదా దాదా అని గొడవకి దిగాడు.

మిగతాది తను ఇంటికి పట్టుకెళ్లి చదువుకుంటానన్నాడు వరాహనరసింహం. కుదరదంది హరిచందన, ఇంకో చిన్న కాగితం తీసి చూస్తూ. వరస ఉంది, తాతగారిది పదమూడో నంబరు. కార్యదర్శినే వరసలో నిలబెడతారా అని ఆయన ఇంకోసారి దిమ్మెరపోయి, మరి పన్నెండోది ఎవరని అడిగాడు.

టీ పళ్లెం బల్ల మీద ఠంగుమని ఆనింది. నూకాలమ్మ ఏదో అంది. సరిగ్గా అప్పుడే బయట టోటోవాడు హారన్ మీద చెయ్యి తియ్యకుండా మోగించాడు. పదేళ్లలో ఆవిడ నోటి నుంచి వచ్చిన మొదటి మాట ఆ రొదలో కొట్టుకుపోయింది. వరాహనరసింహం కుర్చీలోంచి సగం లేచి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, ముందుకి వంగాడు.

“ఏటీ?” అన్నాడు.

పాతిక మంది పిల్లలు ఊపిరి బిగపట్టారు. తను ఏం అన్నాడో ఆయనకింకా తెలియలేదు.

“పన్నెండు నాదన్నాను బాబూ,” అంది నూకాలమ్మ, యార్డు అవతల గార్డుకి వినబడేంత గొంతుతో. “నాకు సదూరాదు. మా పిల్ల సదివి ఇనిపిస్తాది. మీరు తరవాత సదువుకోండి. టీ సల్లారిపోతంది, తాగండి.”

అక్షిత అప్పటికే కలం మూత తీసింది.